ఊరి కుంటకు క్రొత్త కొలువు

(కావేరిపట్టణమున మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



నేటి సమావేశమున కొంతసేపు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరి, విషయమును మాత్రము నాకే విడిచిపెట్టిరి. బడులలో తెలుగు బోధనను గూర్చియో, శతక పద్యములను గూర్చియో చెప్పుదునని వారు తలచియుందురు. నేను కుంటను గూర్చి చెప్పుటకు వచ్చితిని. పేట నడుమ ఎకరమో రెండెకరములో నీరు నిలుచు సామాన్యమైన కుంట. ఇంత చిన్న సంగతికి ఒక సభ యెందుకని మీలో కొందరికి తోచవచ్చును. విని, పిమ్మట మీరే తీర్పు చెప్పుడు.

మన ఊరి పేరుతోనే ఆరంభింతును. పేరు కావేరిపట్టణము, ప్రక్కన పారునది మాత్రము కావేరి గాదు, దక్షిణ పినాకిని. తమిళ సోదరులు దానిని తెన్‌పెణ్ణై యందురు. క్రొత్తగా వచ్చిన చుట్టములు “కావేరి యెక్కడ?” అని యడిగినప్పుడెల్ల మనము తడబడుట అలవాటే. 2013లో హొగెనకల్ త్రాగునీటి పథకము ప్రారంభమై కావేరి నీరు గొట్టములలో కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు వచ్చెను. ఊరి పేరు ఇన్నాళ్లకు నిజమైనదని మా యింటిలో నవ్వుకొంటిమి.

ఆ పథకము ఊరక రాలేదు. మన ప్రాంతపు లోతైన బోరుబావుల నీటిలో ఫ్లోరైడు మెండు. చిన్నపిల్లల పండ్లమీది గోధుమవన్నె మచ్చలును, నడివయసుననే బిగుసుకొనిపోవు కీళ్లును మనము చూడనివి కావు. కారణము మన కాళ్లక్రింద నున్నది. ఇచ్చటి నేల అడుగున గట్టి రాయి. వాననీరు నిలుచుటకు చోటు పైనున్న శిథిలమైన పొరలోను, రాతి నెఱ్ఱెలలోను మాత్రమే. ఆ పైపొర వానవలనను, చెరువులు కుంటలు నిలిపిన నీటివలనను నిండును. అది యెండిన కొలది మనుష్యుడు లోతునకు పోవును. లోతున నున్న నీరు చిరకాలము రాతితో కలసి యుండుటచే ఫ్లోరైడును వెంట తెచ్చును. సంవత్సరమునకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన మనకు కలదు. అంత తక్కువేమియు గాదు. ఆ వానను నిలిపి నేలకు ఇంకించుటయే కుంట చేయు పని.

అయితే కొళాయిలో కావేరి నీరు రాగానే మనము కుంటకు వీపు త్రిప్పితిమి. ఇండ్లు కట్టినవారు సయితము వాకిలి వీధివైపును, పెరటి తూము కుంటవైపును పెట్టిరి.

నా చిన్ననాటి కుంట పేరు చెప్పను. మీలో ప్రతివారికిని అటువంటిది ఒకటి ఉండియే యుండును. ఉదయము గొడ్లు దిగెడివి. ఎండ యెక్కునప్పటికి బట్టలు ఉతుకువారు వచ్చెడివారు. ఎండకాలమున నీరు తగ్గగా రైతులు బండ్లు కట్టుకొని వచ్చి ఒండ్రుమట్టిని చేలకు తోలుకొనెడివారు. ఆ త్రవ్వకమే కుంటకు పూడికతీత. అందుకు వేరుగ సర్కారు డబ్బు అక్కరలేకుండెను. వినాయక చవితికి బొమ్మమట్టి అచ్చటిదే. బొమ్మ కరగి తిరిగి పోవుటయు అచ్చటికే. మాకు ఈత నేర్పినది ఆ కుంటయే. గట్టుమీద రావిచెట్టును వేపచెట్టును పెనవేసికొని యుండెడివి; వాని క్రింద నాగశిలలు. సాయంకాలము మా తాతగారును వారి మిత్రులును అచ్చట కూర్చుండి మాటలాడుకొనుచుండిరి. ఒకరు తెలుగున, ఒకరు కన్నడమున, ఒకరు తమిళమున మాటలాడినను సంభాషణకు లోటు లేకుండెను. వారిలో ఎవరును “విహారమునకు పోవుచున్నాను” అని ఇల్లు కదలలేదు. గొడ్లను తోలుటకో, కాళ్లు కడుగుకొనుటకో పోయి, అచ్చటనే ప్రొద్దు పుచ్చిరి.

తరువాత ఒక్కొక్క పని పోయెను. గొడ్లు తగ్గినవి. బట్టలు యంత్రములోనికి పోయెను. చేలకు సంచులలో ఎరువు వచ్చెను. వినాయకునికి పూనా మట్టి, అనగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వచ్చెను. అది కరగదు, రంగులు నీటిలో దిగును. (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన నియమములలో అట్టి విగ్రహములను నిషేధించినది. మన యిండ్లలోనైనను మట్టి బొమ్మనే పెట్టుకొందము.) పనిలేని కుంటకు మిగిలినది చెత్త. నా చిన్ననాటి కుంట నేడు బండ్లు నిలుపు బయలు. ఎవరు పూడ్చిరని నన్నడుగకుడు. ఒక్కరు పూడ్చలేదు. తట్టెడు తట్టెడుగా అందరును పూడ్చిరి. మా పాత యింటి గోడ పడగొట్టించినపుడు వచ్చిన ఇటుక ముక్కలును మట్టియు అందే పడినవి. బండివానిని ఎచ్చట పోసితివని నేను అడుగలేదు. అడుగక పోవుటకు కారణము నాకు తెలియును, తెలిసియే అడుగలేదు.

ఇక కుంట యొక్కటి పోయిన మాత్రమున ఏమగునందురా? మనకు పొరుగున బెంగుళూరున్నది. అచ్చటి ధర్మాంబుధి చెరువు కెంపేగౌడ బస్సు నిలయమైనది. సంపంగి చెరువు కంఠీరవ క్రీడాంగణమైనది. కరగ ఉత్సవమునకని దానిలో చిన్న కొలను మాత్రము మిగిలినది. మిగిలిన చెరువులలో పెద్దదైన బెళ్లందూరు చెరువు 2015లో వీధులమీదికి పొంగిన నురుగువలనను, 2018 జనవరిలో లేచిన మంటలవలనను దేశమంతటను పేరు పొందెను. అది వారి బాధ యనుకొనకుడు. ఆ నీరు వర్తూరు చెరువు మీదుగా దక్షిణ పినాకినిలో కలియును. ఆ నది హోసూరు ప్రక్కన కెలవరపల్లి జలాశయమును చొచ్చును; అచ్చటను నురుగు మేటలు మేటలుగా లేచుట పత్రికలలో పలుమార్లు చూచితిమి. అటుపిమ్మట కృష్ణగిరి ఆనకట్ట. అటుపిమ్మట మన ఊరు. బెంగుళూరువారి వంటింటి తూములకును మన పినాకినికిని గల సంబంధము ఇదియే.

ఇచ్చట నాకు పోరుమామిళ్ల శాసనము జ్ఞప్తికి వచ్చుచున్నది. కడప సీమలోని పోరుమామిళ్లలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరియొక పేరు, అనంతరాజసాగరమను చెరువును కట్టించి 1369లో శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు పట్టినదట. చెరువునకు పండ్రెండు అంగములును ఆరు దోషములును అందు చెప్పబడినవి. దోషములలో కట్టనుండి నీరు కారుట, చవిటి నేల, చెరువు నడుమ తాబేటి వీపువలె మెరక యుండుట మొదలగునవి ఎవరికైనను తెలియును. వానిలో నొకటి నన్ను ఆపినది: రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట. మన బ్రదుకంతయు పొలిమేరలోనిదే గదా! పై రాజ్యమున పారబోసినది క్రింది రాజ్యమునకు చేరును. క్రిందివాని మొర పైవానికి వినబడదు. ఆరున్నర శతాబ్దముల క్రిందట ఆ శాసనకర్తకు ఈ చిక్కు తెలిసియుండెను.

నదిని మనము ఒంటిగా బాగుచేయజాలము. పేటలోని కుంటను బాగుచేయగలము. దాని నీరు వచ్చు దారి మన వీధులలోనిదే.

హోసూరు నడుమ రామనాయకుని చెరువున్నది. రామనాయక్కన్ ఏరి యని తమిళమున వ్యవహారము. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చిన పిమ్మట ఆ ఊరు ఎట్లు పెరిగినదో మీకు తెలియును. 2019లో కార్పొరేషను కూడ నయ్యెను. అంత ఒత్తిడిలోను చెరువు చెరువుగా నిలిచియుండుట సామాన్యము కాదు. గట్టుమీద నడకదారి వేసిరి. ఉదయము వృద్ధులు, సాయంకాలము పిల్లల తల్లులు అచ్చట కనబడుదురు. మన వైపున, కృష్ణగిరికిని ఆనకట్టకును నడుమ, అవదానపట్టి చెరువులో పడవ షికారును, బాలల ఉద్యానమును ఏర్పడినవి. “చెరువు పొలమునకు గాని షికారునకా?” యని వీనిని చూచి పెదవి విరుచు పెద్దలు కలరు. నేనును మొదట విరిచితిని. ఇప్పుడు వారితో ఏకీభవింపను. పాత పనులన్నియు పోయిన కుంటకు నేడు మన మీయగల కొలువు ఇదియొక్కటే. ప్రతిదినము నూరుమంది నడచుచోట రాత్రివేళ చెత్తబండి దింపుటకు వెరపు కలుగును. మురుగు కలిసిన నాడే వాసన పట్టువారుందురు. చూచువారు లేని కుంట పదియేండ్లలో స్థలమగును. స్థలమునకు పట్టా పుట్టుటకు ఎంతసేపు?

హైదరాబాదులో అంబర్‌పేటయందు బతుకమ్మ కుంటయని యొకటి కలదు. పూర్వము పదునాలుగెకరములకు పైబడినది, పూడికతో కుంటయను గుర్తే మాసిపోయినది. 2025లో త్రవ్వింపగా నీరు ఊరెను. మిగిలిన సుమారు అయిదెకరములలో కుంటను తీర్చి, ఆ యేటి సెప్టెంబరులో, బతుకమ్మ పండుగ దినములలోనే ప్రారంభించిరి. పూలు నీటిలో విడుచుటకే పుట్టిన పండుగ యది. నీరు లేక పేరు మాత్రము మిగిలిన కుంటకు పండుగయే పని చూపినది. నగరము నడుమ, అంత వెలగల నేలలో అది జరిగినదన్న, మన చిన్న ఊళ్లలో కానేరదని చెప్పుటకు వీలులేదు.

అయితే బాగుచేయుట పేరిట జరుగుచున్న దానిలో నాకు నచ్చనిది చాల నున్నది, చెప్పక పోను. కుంట దొరకగానే చుట్టును నిట్టనిలువుగ రాతిగోడ లేపుదురు. పైన సిమెంటు పలకలు, ఇనుప కమ్ములు, నడుమ నీటిచిమ్మెర, దానికి రంగురంగుల దీపములు. ప్రారంభోత్సవమునాడు కన్నుల పండువే. మరుసటి యేడు నీరుండదు. ఉన్నను పచ్చగ కుళ్లియుండును. ఏలయన గోడకట్టినవారు వంక వచ్చు దారిని మరచిరి. వాననీరు లోనికి రావలసిన కాలువ ఎవరి యింటి క్రిందనో పోయినది. వచ్చునది మురుగు మాత్రమే.

నీటి అంచు వాలుగా నుండవలెను. ఇది సొగసు కొఱకు చెప్పుట లేదు. బుడబుంగను మీరు చూచియుందురు, మునుగుచు తేలుచు గుప్పెడంత పిట్ట. అది నాచును ఆకులను ప్రోవుచేసి, తుంగపోచలకు ముడివేసినట్లు నీటిమీద తేలు గూడు కట్టును. గూడు విడుచునప్పుడు తడినాచుతో గ్రుడ్లను కప్పిపోవును. తుంగ లేనిచోట దానికి ఇల్లు లేదు. తూనీగ సంగతి ఇంతకంటె చిత్రము. దాని పిల్ల నెలల తరబడి నీటిలోనే బ్రదుకును. దోమపిల్లలు దానికి ఆహారము. కాలము వచ్చినపుడు ఒక జమ్ముకాడ పట్టుకొని పైకి ప్రాకి, అచ్చటనే చర్మము విడిచి, రెక్కలార్చుకొని యెగిరిపోవును. తోకకప్పలకు మోకాటిలోతు నీరు కావలెను. గుడ్డికొంగ చీలమండలోతున నిలిచి చేపకొఱకు తపస్సు చేయును. నున్నని గోడయున్న తొట్టిలో ఇవియేవియు నిలువవు. దోమ మాత్రము నిలుచును. పిల్లవాడు జారిపడినను, వాలు గట్టున కాలు ఆనును; నిలువుగోడను పట్టుకొనుటకేమున్నది?

అందుచే నా మనవి: నడకదారి ఒక ప్రక్కనో రెండు ప్రక్కలనో వేయుడు, ఒక ప్రక్కను మాత్రము తుంగకును, కప్పకును, పిట్టకును విడిచిపెట్టుడు. ఆ ప్రక్కను “శుభ్రము” చేయకుడు. దీపముల విషయమున నాకే రెండు మనసులు. చీకటిలో మన ఆడపడుచులు నడువజాలరు, వెలుతురు కావలెను. కాని ఆ వెలుతురు నడకదారిమీద పడవలెను గాని నీటిమీద పడనక్కరలేదు. ధ్వనివర్ధకములు మాత్రము ఏ ప్రక్కనను వలదు. ఈ విషయమున నాకు ఒకే మనసు.

గుర్రపుడెక్కను గూర్చి ఒకమాట. ఊదాపూల ఆ మొక్క దక్షిణ అమెరికానుండి వచ్చినది. దానిని యంత్రముతో తీసివేసి ఛాయాచిత్రము తీయించుకొందురు. మురుగు ఆపకపోయిన, అనుకూలమైన నీటిలో రెండు వారములలోనే రెట్టింపగును. అది రోగము కాదు, రోగపు గుర్తు. మురుగే దానికి ఎరువు.

నీరు వచ్చు దారి యెట్లో పోవు దారియు అట్లే. 2024 డిసెంబరు మొదటి దినములలో ఫెంగల్ తుఫాను వేళ ఊతంగరైలో ఒక్క రోజున 50 సెంటీమీటర్ల వాన కురిసెను. చెరువు పొంగి, బస్సు స్టాండు దగ్గర నిలిపిన బండ్లు బొమ్మలవలె కొట్టుకొనిపోవుట మనమందరమును చూచితిమి. అంతటి వానను ఏ చెరువును పూర్తిగ నిలుపజాలదు. కాని అలుగు దాటిన నీరు పోవుటకు పూర్వులు విడిచిన వాగున్నదా లేదా యనునది, నీరు మన యింటిలోనికి ఎంత వచ్చుననునది నిర్ణయించును.

చట్టము లేకపోలేదు. ఉత్తరప్రదేశపు ఒక గ్రామ కుంటను గూర్చిన వ్యాజ్యములో 2001లో సుప్రీంకోర్టు చెరువులను కుంటలను కాపాడవలెనని తీర్పు చెప్పెను. తమిళనాట చెరువుల రక్షణకును ఆక్రమణల తొలగింపునకును 2007లో చట్టము చేసిరి. ఊరివారే కాలువలు బాగుచేసికొను కుడిమరామత్తు పద్ధతిని ప్రభుత్వము 2017 ప్రాంతమున తిరిగి చేపట్టెను. దానికి బలవంతపు రూపమిచ్చిన మద్రాసు చట్టము 1858 నాటిది. కాగితములకు లోటు లేదు. అర్జీతో పోయినపుడు అధికారి యడుగు మొదటి ప్రశ్నకు మాత్రము మనయొద్ద జవాబుండదు: “కాలువ ఎచ్చట నుండెను?”

ఆ జవాబు మన ముసలివారి నోట నున్నది. అదియు తెలుగున నున్నది. నేను నేడు ఈ సంగతిని మన సభలో ఎత్తుటకు కారణము ఇదియే. మన ప్రాంతమున ఒకే నీటికి మూడు భాషల మాటలు. మనము చెరువు, కుంట, తూము, అలుగు అందుము. కొందరిండ్లలో మరవ యందురు. కన్నడులు కెరె, కట్టె, తూబు, కోడి యందురు. తమిళులు ఏరి, కుట్టై, మదగు, కలంగల్ అందురు. ఏ రైతు ఏ మాట వాడినను ప్రక్కవానికి అర్థమగుచుండెను. పేర్లు పటములకు ఎక్కునపుడే చిక్కు. తమిళ లిపిలో కుంటయనియు గుండయనియు ఒకే రీతిని వ్రాయవలసి వచ్చును. కొంతకాలమునకు చదువువానికి అది నీటి పేరో, రాతి పేరో తెలియదు. పెద్దలు పోయిన కొలది పేరు పోవుచున్నది. పేరుతోపాటు, ఏ మడినుండి ఏ వంక దిగి ఏ కుంటలో పడుచుండెనో ఆ సంగతియు పోవుచున్నది.

మా మేనత్త తొంబదవ యేట, మంచమునందుండియే, తన పుట్టింటి చుట్టునున్న ఏడు కుంటల పేర్లను వరుసగా చెప్పెను. పై కుంట నిండి అలుగు పారిన, నీరు ఏ చేని గట్టువెంట క్రిందికి పోవునో వ్రేలితో గాలిలో గీసి చూపెను. నేను వ్రాసికొనలేదు. మరునాడు వ్రాసికొందమనుకొంటిని. నేడు నాకు నాలుగు పేర్లే జ్ఞప్తియున్నవి.

కావున కార్యదర్శిగారితో మాటలాడి ఒక ఏర్పాటు చేసితిని. వచ్చు ఆదివారము ఉదయము ఆరున్నరకు మన పేట కుంట గట్టుమీద కలిసికొందము. నడువగలిగిన పెద్దలు నడచి రండు. నడువలేనివారిని మోటారుబండిమీద తీసికొనిరండు, మాకు వారే ముఖ్యము. కుంటనుండి బయలుదేరి, నీరు వచ్చుచుండిన దారిని వెనుకకు, మెరకవైపునకు, వారు చెప్పినట్లు నడత్తుము. ఇండ్లు అడ్డు వచ్చినచోట తగవులాడము. అడ్డు వచ్చినదని మాత్రము వ్రాసికొందుము. దొరికిన పేర్లను వరుసగా మన పత్రికలో ప్రకటింతుమని సంపాదకులు మాట యిచ్చిరి. కాగితమును పెన్సిలును తెచ్చుకొనుడు. మనుమలను మనుమరాండ్రను వెంటబెట్టుకొని రండు. సర్వే పటములోని తమిళ అక్షరములను తడుముకొనక చదువగలవారు మన యిండ్లలో వారే.